దౌడులో తూకము

గుఱ్ఱము నిలిచియున్నప్పుడు దాని తూకమును గూర్చి ఎవరును ఆలోచింపరు. నాలుగుకాళ్ళ ప్రాణి ఊరక ఏల పడును? అది నడచునప్పుడును మనకా భయము లేదు. కాని అదే గుఱ్ఱము గంటకు 40 కిలోమీటర్ల వడితో దౌడు తీయునప్పుడు దాని వీపుమీది మనుష్యుని ప్రాణమును, దాని కాళ్ళ క్షేమమును ఈ తూకమను ఒక్క గుణముపై ఆధారపడియుండును. విచిత్రమేమనగా, ఆ వడిలోనే అది ఉన్నదో లేదో తెలిసికొనుట మిక్కిలి కష్టము. చెవులలో గాలి హోరు, కన్నులలో నీరు, గుండెలో ఉత్సాహము, ఈ మూడును కలిసి రౌతును మోసగించును. తూకము చెడిన గుఱ్ఱమే చక్కని గుఱ్ఱముకంటె వేగముగా పోవుచున్నట్లు తోచును.

నేను చాల సంవత్సరములుగా గుఱ్ఱపుస్వారి నేర్పుచున్నాను. నేర్చుకొన వచ్చినవారు మొదటి నెలలో అడుగు ప్రశ్నలు వేఱు, రెండవ యేట అడుగు ప్రశ్నలు వేఱు. రెండవ యేట తప్పక వచ్చు ప్రశ్న ఇది: "పడిన తరువాత తెలియుట సరేనండీ, పడక మునుపే తెలియడమెట్లా?" నాకిచ్చిన ఈ కొద్ది నిమిషములలో ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పుటకు ప్రయత్నించెదను. శ్రోతలలో గుఱ్ఱమెక్కినవారు కొందఱే యుందురు. జట్కా ఎక్కినవారు సైతము ఈనాడు అరుదు. అయినను కావడి మోయువానిని చూచినవారు ఇంకను ఉందురని నమ్మి, అక్కడనే ప్రారంభించెదను.

రెండు నీళ్ళకడవలను కావడిబద్దకు వ్రేలగట్టి భుజమున వేసికొని పోవువాడు నిదానముగా అడుగులు వేయడు, చిన్న పరుగువంటి నడకతో పోవును. బద్ద పైకి లేచును, క్రిందికి వంగును. ఆ ఊపును వాడు ఆపబోడు. దానితో తన అడుగును కలుపుకొనును. కలిసినంతసేపు కడవలోని నీరు తొణకదు. ఎక్కడనో ఒక రాయి తగిలి అడుగు తప్పెనా, బద్ద ఊపు ఒకవంకకు, వాని నడక మఱియొక వంకకు పోవును. అప్పుడు వాడు నిలువలేక, ముందుకు తూలుచున్న బరువు వెంట నాలుగడుగులు గబగబ వేయును. చూచువానికి వాడు వేగము హెచ్చించినట్లుండును. నిజమునకు వాడు తన బరువును అందుకొనుటకై పరుగెత్తుచున్నాడు. దౌడులో గుఱ్ఱపు తూకమన్నను, తూకము తప్పుట యన్నను సరిగా ఇదియే. అది త్రాసుముల్లువలె కదలక నిలుచునది కాదు. ప్రతి అంగలోను పోవుచు, ప్రతి అంగలోను మఱల వచ్చుచుండునది.

గుఱ్ఱపు శరీరమే ముందువంకకు బరువుగా నిర్మింపబడినది. నిలిచియున్న గుఱ్ఱపు బరువులో దాదాపు ఐదింట మూడువంతులు ముందుకాళ్ళమీదనే యుండును. 500 కిలోల గుఱ్ఱమైనచో 300 కిలోలు ముందుకాళ్ళవి, 200 వెనుకకాళ్ళవి. తలయు మెడయు కలిసి మొత్తము బరువులో పదవవంతు తూగును. అవి ఒక పొడవైన దూలమువలె ముందుకు చాచుకొనియుండును. జీను వేయుచోటు మూపునకు వెనుకనే కావున మన బరువులో హెచ్చుభాగము కూడ ముందుకాళ్ళకే చేరును. ఇక గుఱ్ఱమును ముందుకు నెట్టు శక్తి ఎక్కడ నున్నది? వెనుకకాళ్ళలో, పిఱుదులలో నున్నది. అనగా బరువు ముందు, బలము వెనుక. వెనుకకాలు కడుపుక్రిందికి ఎంతదూరము వచ్చి ఆనిన, బలము బరువునకు అంత దగ్గఱగా చేరును. వెనుకకాళ్ళు ఎక్కడనో వెనుకబడి, నేలను తన్నుటయే గాని బరువును ఎత్తుకొనుట మానెనా, ముందుకాళ్ళు చక్రములేని బండియొక్క నొగలవలె నేలను పొడుచును.

నిండుదౌడులో నాలుగు గొరిజలు నాలుగుమాఱులు వేఱువేఱుగా నేలకు తగులును. కుడి ముందుకాలు ముందుగా సాగు దౌడు ననుకొందము: మొదట ఎడమ వెనుకకాలు, పిదప కుడి వెనుకకాలు, పిదప ఎడమ ముందుకాలు, తుదకు కుడి ముందుకాలు. అటుపిమ్మట నాలుగును నేలను విడిచి, గుఱ్ఱము ఒక్క క్షణము గాలిలో నుండును. పందెపు గుఱ్ఱము ఇట్టి అంగలు క్షణమునకు రెండుకు పైగా వేయును. ఒక్కొక్క అంగ ఆఱేడు మీటర్ల పొడవుండును. ఈ వరుసలో గుఱ్ఱమంతయు ఒంటికాలిమీద నుండు ఘడియలు కలవు. అప్పుడు ఆ ముందుకాలిపై పడు ఒత్తిడి దాని దేహభారమునకు రెండున్నర రెట్లవఱకు పోవును. 500 కిలోల గుఱ్ఱపు సన్నని కాలొకటి 1,250 కిలోల ఒత్తిడిని మోయుచున్నదన్నమాట. ఆ కాలి వెనుకభాగమున నుండు స్నాయువు, అనగా కండను ఎముకకు బిగించు నరపుత్రాడు, ప్రతి అంగలోను తాను తెగిపోవు హద్దునకు అతి సమీపమువఱకు సాగి మఱల ముడుచుకొనును. రౌతు మోజుకొఱకు, అందముకొఱకు తూకమును వెదకుట లేదు. ఆ త్రాటికొఱకు వెదకుచున్నాడు.

ఇదంతయు కంటికి కనబడునది కాదు. మనుష్యులు వేలయేండ్లుగా గుఱ్ఱములతో బ్రతికియు, దౌడులో దాని కాళ్ళు ఎట్లుండునో ఎఱుగరైరి. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో చిత్రించిన ఎప్సమ్ పందెపు చిత్రములో గుఱ్ఱములు ముందుకాళ్ళను ముందుకు, వెనుకకాళ్ళను వెనుకకు చాచి, ఎగురు పక్షులవలె నుండును. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి యను ఛాయాగ్రాహకుడు వరుసగా కెమెరాలను నిలిపి, పరుగిడు గుఱ్ఱమును తునుకలు తునుకలుగా పటమెత్తెను. గుఱ్ఱము గాలిలో నుండుట నిజమే. కాని అప్పుడు కాళ్ళు చాచుకొని యుండవు, కడుపుక్రింద ముడుచుకొని యుండును! కన్ను ఇంతకాలము పొరబడినది. ఆ పటములు చూడని రౌతుల తొడలు మాత్రము పొరబడి యుండవని నా నమ్మకము. గాలిలో లేచు క్షణమున తనక్రింద గుఱ్ఱము దగ్గఱకు ముడుచుకొనుట మంచి రౌతుకు ఎప్పుడును తెలిసినదే. వానిని చిత్రకారులెవరును అడిగినట్లు లేదు.

కావున కన్నులను ప్రక్కకు పెట్టి, చేతిని అడుగవలెను. మెల్లని దౌడులో వాగెలు చేతికి ఎంత బరువుగానున్నవో గమనింపుడు. తూకముననున్న గుఱ్ఱపు నోరు చేతికి తగులుచునేయుండును, కాని బరువుండదు. చిన్నపిల్ల వ్రేలు పట్టుకొని నడచుచున్నట్లుండును. తూకము తప్పినది చేతిని ఊతకఱ్ఱగా చేసికొనును. ఇచ్చట ఒక సులభమైన పరీక్ష కలదు. లోపలివైపు చేతిని గుఱ్ఱపు మెడవెంట ఒక జానెడు ముందుకు పోనిచ్చి, రెండుమూడు అంగలవఱకు ఆ వాగెను పూర్తిగా సడలించి, మెల్లగా మఱల యథాస్థానమునకు తెచ్చుకొనవలెను. మెడ, వడి, దారి మూడును మాఱకున్నచో గుఱ్ఱము తన కాళ్ళపై తాను పోవుచున్నది. వాగె వదలగనే తల క్రిందికి జాఱి, అంగలు పొట్టివై, వడి హెచ్చినచో ఇంతదూరము దానిని మోసినది మీ చేయి. ఈ పరీక్షను మించినది నేను ఎఱుగను. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. దీనిని విశాలమైన బయలులో, మెల్లని దౌడునుండి ప్రారంభింపవలెను. రోడ్డు ప్రక్కను చేయరాదు.

వడి వేఱు, తొందర వేఱు. ఈ భేదము చేతికన్న చెవికి బాగుగా తెలియును. వడి అంగ పొడవునుండి వచ్చును. తొందర అంగల సంఖ్యనుండి వచ్చును. తూకము తప్పిన గుఱ్ఱము కావడివానివలె తన బరువు వెంట తాను పరుగెత్తును గనుక దాని అంగలు పొట్టివై, దగ్గఱదగ్గఱగా పడును. మెల్లని దౌడులో మూడు దెబ్బలును, తరువాత ఒక నిశ్శబ్దమును వినవలెను. నిండుదౌడులో నాలుగు దెబ్బలును, ఒక నిశ్శబ్దమును వినవలెను. ఆ నిశ్శబ్దమే గుఱ్ఱము గాలిలోనున్న క్షణము. తూకము పోవుచుండగా మొదట పోవునది ఆ నిశ్శబ్దమే. దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమగును. ముందుకాలి దెబ్బ రోకటిపోటువలె బరువుగా వినబడును. హైదరాబాదులో ఆఱవ నిజాము కాలమునుండి పందెములు జరుగు మలకపేట మైదానమునకు పోవువారు, ఈసారి గుఱ్ఱములు తమముందునుండి పోవునప్పుడు ఒక్కసారి కన్నులు మూసికొని వినవలెనని నా కోరిక. పందెము కాచినవారు ఒప్పుకొనరనుకొనుడు!

చెవికి తోడుగా శ్వాస యొకటి కలదు. దౌడులో గుఱ్ఱము ఒక అంగకు ఒక శ్వాస చొప్పున పీల్చి విడుచును. శరీరము గాలిలో లేచునప్పుడు ఊపిరి లోనికి పోవును. ముందుకాళ్ళపై బరువు పడునప్పుడు వెలికి వచ్చును. అందుచే వేగముగా పోవు గుఱ్ఱము నిమిషమునకు 120కి పైగా శ్వాసలు తీయును. మెత్తని నేలపై గొరిజల చప్పుడు వినబడకున్నను ఈ ఊపిరి లయ వినబడును. అది తాళము తప్పి, నడుమ గుటక వేసినట్లగుట అంగ చెదరినదనుటకు గుర్తు.

ఇక తొడలకును, పాదములకును తెలియు సంగతి. తూకముననున్న దౌడులో రౌతుకు తన ముందున్న మూపు ప్రతి అంగకును పైకి లేచుచున్నట్లుండును. సముద్రముపై తెప్పలో పోవువారు అలనెక్కునప్పుడు తెప్పముక్కు లేచుట చూచియుందురు, అట్టిదే. తూకము తప్పినపుడు నేల చదునుగానే యున్నను పల్లమునకు దిగుచున్నట్లుండును. మూపు క్రుంగును. రికాబులోని పాదములు తమంతట తామే ముందుకు పోయి, దేనినో ఆపబోవుచున్నట్లు బిగిసికొనును. "ఎందుకో వెనుకకు వాలాలనిపిస్తుంది" అని నేర్చుకొనువారు చెప్పుచుందురు. ఆ 'ఎందుకో' అనుదానిని త్రోసివేయకూడదు. శరీరము మనస్సుకంటె ముందుగా వార్త నందుకొన్నది.

ప్రక్కకు తప్పుటయు కలదు. ముందుకాళ్ళు కుడివరుసలోను, వెనుకకాళ్ళు ఎడమవరుసలోను పడు దౌడొకటి కలదు. దానిని విడిదౌడు అనుచుందుము. అప్పుడు రౌతుకు నడుము మజ్జిగకవ్వమువలె త్రిప్పబడినట్లుండును. జీను ఒకవంకకు జాఱును. ఒక రికాబు పొడవైనట్లు తోచును. ఇది చాల స్పష్టమైన గుర్తు గనుక దీనిని గూర్చి విస్తరింపను.

మలుపు వచ్చినప్పుడు మాత్రము కొంత లెక్క చెప్పక తప్పదు. గంటకు 40 కిలోమీటర్ల వడితో పోవు గుఱ్ఱము 25 మీటర్ల వ్యాసార్ధముగల వంపు తిరిగినచో, దానిని వెలుపలికి లాగునట్లు తోచు బలము దాని బరువులో సగముండును. అది నిలువదలచిన లోపలికి 26, 27 డిగ్రీలు ఒరగక తప్పదు. వడిని సగము చేసినచో ఆ బలము సగము కాదు, నాల్గవవంతగును. అందుచే మలుపులో చేసిన తప్పునకు మలుపులో మందు లేదు. మలుపునకు ముందే వడి తగ్గింపవలెను. ఇక్కడ తూకమునకు గుర్తేమి? చక్కని గుఱ్ఱము తల మొదలు తోకవఱకు ఒక్కటిగా ఒరగును. రౌతు క్రింద జీను నడుమనే యుండును. చెడినది మోటారు సైకిలువలె లోపలి భుజముపై పడును, లేదా వెలుపలి భుజమునుండి దారి తప్పి జాఱిపోవును. మొదటిదానిలో లోపలి వాగె చేతికి బరువెక్కును. రెండవదానిలో వెలుపలి రికాబు బరువెక్కును.

ఇంతవఱకు గుఱ్ఱమును గూర్చియే చెప్పితిని. అసలు చిక్కు రౌతుది. వంకరగా వ్రేలాడదీసిన త్రాసుతో ఏమి తూచగలము? వాగెలు పట్టుకొని తన తూకమును కాపాడుకొనువాడు గుఱ్ఱము నా చేతిపై వాలుచున్నదని ఫిర్యాదు చేయును. ఎవరు ఎవరిపై వాలుచున్నారో తేలవలెనన్న, వాగెలను ఒకచేత చేర్చి, రెండవ చేతిని గాలిలో వదలవలెను. అప్పుడు తాను తూలినచో, వాలినది గుఱ్ఱము కాదన్నమాట.

ఈ విషయము మనుష్యులకు చాల ఆలస్యముగా తెలిసినది. గ్రీకు దేశమున క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దిలో జెనొఫన్ గుఱ్ఱపుస్వారిని గూర్చి గ్రంథము వ్రాయుచు, రౌతు కుర్చీలో కూర్చున్నట్లు గాక, కాళ్ళు ఎడముగా పెట్టి నిలిచినట్లు ఉండవలెనని చెప్పెను. అప్పటికి రికాబులే లేవు. అంత చక్కని మాట చెప్పినను, తరువాతి కాలపు రౌతులు పెక్కుమంది దౌడులోను, దుముకునప్పుడును వెనుకకు వాలి, కాళ్ళు ముందుకు చాచి, వాగెలపై వ్రేలాడుచుండిరి. ఇటలీ దేశపు అశ్వసైన్యములో ఫెదెరికో కప్రిల్లి యను అధికారి ఉండెను. 1868లో పుట్టి 1907లో మరణించెను. రౌతు గుఱ్ఱమును తన తూకమునకు తేబోవుట మాని, తానే గుఱ్ఱపు తూకము వెంట పోవలెనని, రికాబులపై బరువుంచి ముందుకు వంగి కూర్చుండు పద్ధతిని అతడు ప్రవేశపెట్టెను. ఇంచుమించు అదే కాలమున, 1897లో టాడ్ స్లోన్ అను అమెరికా జాకీ ఇంగ్లండునకు పోయి, పొట్టి రికాబులతో గుఱ్ఱపు మెడపై కుదించుకొని స్వారి చేసెను. కోతివలె ఉన్నాడని జనులు నవ్విరి. నవ్వినవారే గెలుచుట చూచి అనుకరించిరి. 1900 ప్రాంతమున ఈ పద్ధతి వ్యాపించిన కొద్ది సంవత్సరములలో పందెపు కాలములు నూటికి ఐదు మొదలు ఏడువంతులవఱకు మెఱుగుపడెను. లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు 2009లో దీనికి కారణము చూపిరి. గుఱ్ఱము ప్రతి అంగలోను కొంచెము ముందుకు దూకి, కొంచెము వెనుకపడుచుండును. కుదించుకొన్న జాకీ మోకాళ్ళు, మడమలు స్ప్రింగులవలె ఆడుటచే అతని దేహము మాత్రము దాదాపు ఒకే వడితో పోవును. గుఱ్ఱము అతని బరువును మోయును గాని, అంగఅంగకును అతనిని నెట్టి, లాగవలసిన పని లేదు.

నా మాటకు సంబంధించినంతవఱకు ఇందులో ముఖ్యమేమనగా, అట్లు నిలకడగా నుండు రౌతుకే క్రిందనున్న గుఱ్ఱపు చిన్న మార్పు తెలియును. తాను ఎగిరెగిరి పడువానికి తన ఎగురుపాటు తప్ప మఱేమియు తెలియదు. మన దేశపు ఆటయగు నేజాబాజీని చూచినచో ఇది బాగుగా తెలియును. నిండుదౌడులో రౌతు ఒకప్రక్కకు నేలవఱకు వంగి, పాతిన మేకును బల్లెముతో పెకలించుకొని పోవలెను. వాని బరువంతయు ఒకవంకనే పడినను, మంచి రౌతు క్రింద గుఱ్ఱము గీత గీచినట్లు తిన్నగా పోవును. మేకును చూచుచున్న వాని కన్ను గుఱ్ఱమును చూడజాలదు. మోకాలే చూచుచుండును.

మన పెద్దలకు ఈ జ్ఞానము లేకపోలేదు. అమరకోశము గుఱ్ఱపు గతులను ధారలనిపిలిచి ఐదుగా చెప్పినది: ధౌరితకము, వల్గితము, ప్లుతము, రేచితము, ఆస్కందితము. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమున గుఱ్ఱపు వినోదములకు చోటిచ్చెను. నేడు మనము సాయంకాలపు షికారునకు వాడు 'వాహ్యాళి' యను మాట ఆదిలో గుఱ్ఱములను త్రిప్పు బయలునకు పేరు. గుఱ్ఱము పోయినది, బయలు పోయినది, మాట మిగిలినది. నలుడు అశ్వహృదయము నెఱిగినవాడని భారతమున విందుము. ఆ మాటను పట్టుకొని కొందఱు ఇది పుట్టుకతో రావలసినదే గాని నేర్పిన వచ్చునది కాదందురు. నేను ఒప్పుకొనను. నలుడు కూడ ఋతుపర్ణునకు తన విద్య నిచ్చి, అక్షహృదయమును పుచ్చుకొనెను గదా! ఇచ్చిపుచ్చుకొనదగినది నేర్పదగినదే.

నేర్పు తెఱగు ఇది. గుఱ్ఱమును పొడవైన త్రాటితో ఒకరు చుట్టు నడిపించుచుండగా, పైనున్నవాడు కన్నులు మూసికొని, వెనుకకాలు నేలకు తగిలిన ప్రతిసారియు "ఎడమ, కుడి" అని పలుకవలెను. క్రిందివాడు తప్పొప్పులు చెప్పవలెను. నడకలో ఇది వారము పదిదినములలో కుదురును. పిదప దుల్కిలో, అనగా ఎదురెదురు కాళ్ళు జంటగా పడు రెండుదెబ్బల పరుగులో. పిదప మెల్లని దౌడులో, ఏ కాలు ముందు సాగుచున్నదో భుజమువంక వంగి చూడక చెప్పవలెను. కన్నులు మూయుట త్రాటి చివరనున్నంతవఱకే సుమా! నిండుదౌడునకు వచ్చుసరికి కన్నులు తెఱచియే యుండును, కాని వాటితో పని యుండదు. ఓపిక గలవారికి ఏడాది పట్టును. ఓపిక లేనివారు గుఱ్ఱమును మార్చుచు పోవుదురు.

మా మైదానమున ఎఱ్ఱగోధుమవన్నె గోడిగ యొకటి ఉండెడిది. గోడిగ యనగా ఆడుగుఱ్ఱము. తిన్నని దారిలో దానితో పోటీకి నిలుచునది లేకుండెను. దాని మీదనెక్కి దిగినవారందఱు "అబ్బ, ఏమి లాగుడు! ఏమి వేగము!" అని మెచ్చుకొనుచుందురు. నా యొద్ద నేర్చుకొనుచున్న పదునాఱేండ్ల బాలుడొకడు, జట్కావాని మనుమడు, ఒకనాటి ఉదయము దానిపై రెండు చుట్లు దౌడు తీసి వచ్చి, ఏమియు మెచ్చుకొనక, దాని మెడ నిమురుచు నిలిచెను. ఎట్లున్నదని అడిగితిని. "ఇది పరుగెత్తడం లేదండీ అయ్యగారూ, దేన్నుంచో పారిపోతూంది" అనెను. ఇంకను అడుగగా చెప్పెను: ఎడమకాలు ముందుగా దౌడు తీయించినచో నాలుగైదు అంగలు వేసి, ఎవరును అడుగకయే తానే కుడికి మార్చుకొనుచున్నది, వాగె సడలించినచో ముందుకు పడుచున్నది, నిశ్శబ్దము వినబడుట లేదు. సయిసు నవ్వెను. గోడిగను నడిపించి చూచితిమి, కుంటు లేదు. దుల్కి తీయించి చూచితిమి, కుంటు లేదు. అయినను ఆ పిల్లవాని మాట నాకు విడువ బుద్ధిపుట్టలేదు. వంగి ఎడమ ముందుకాలి స్నాయువును వ్రేళ్ళతో తడవి చూడగా, మోకాలికి దిగువను, నడిమిభాగమున, రెండవకాలిలో లేని వెచ్చదనము తగిలెను. పశువైద్యుడు వచ్చి యంత్రముతో చూచి, త్రాడు తెగలేదు గాని లోపల పోగులు చెదరుట మొదలైనది, ఇంకొక్క గట్టి దౌడైనచో ఏమగునో చెప్పలేననెను. అందఱు మెచ్చిన ఆ లాగుడు నొప్పిచే తూకము తప్పిన ప్రాణి చేతిపై వాలుటయే.

ఆ గోడిగకు తొమ్మిది మాసములు దౌడు మాన్పించితిమి. మొదట విశ్రాంతి, పిదప చేతితో నడిపించుట, పిదప మెఱకలు ఎక్కించుచు దించుచు నడక, తరువాత దుల్కినుండి నడకకు, నడకనుండి దుల్కికి మాటిమాటికి మార్చుట. వెనుకకాళ్ళు బరువు మోయుట నేర్చునది ఇట్టి విసుగు పుట్టించు పనిలోనే. మఱల దౌడు తీసినప్పుడు అది మునుపటివలె లాగలేదు. చూచినవారు కొందఱు దాని వేగము తగ్గినదనిరి. గడియారము మాత్రము అట్లు చెప్పలేదు.

దౌడులో నుండగా తూకము తప్పినట్లు తోచినచో వెంటనే వాగెలు బిగబట్టి లాగుట అందఱికిని తోచు పని. అట్లు లాగినచో గుఱ్ఱమునకు వాలుటకు మఱింత గట్టి ఊత దొరకును. ముందుగా మీ మోకాళ్ళను, మడమలను మెత్తపఱచి, మీ బరువు రికాబులపై సమముగా నున్నదా యని చూచుకొనుడు. పిదప నడుమును కొంచెము ఎత్తి, పిక్కలతో వెనుకకాళ్ళను పిలుచుచు, చేతిని ఒక అంగసేపు మూసి, మఱుఅంగకు తెఱవుడు. రెండుమూడు మాఱులు ఇట్లు చేసినచో నిశ్శబ్దము మఱల వినబడవచ్చును. వినబడినచో పోవచ్చును. వినబడకున్నచో దుల్కికి, దుల్కినుండి నడకకు దింపి, నిలిపి, క్రిందికి దిగుడు. కళ్ళెము ఒకచేత పట్టుకొని, రెండవచేతితో ముందుకాళ్ళను మోకాలినుండి గొరిజవఱకు ఒకదాని తరువాత ఒకటి మెల్లగా తడవి చూడుడు. రెండును ఒక్కటే చల్లదనముతో నున్నచో, ఆనాటికి నడిపించుకొని ఇంటికి పోవుటయే మంచిది. వేడి తగిలినచో ఎక్కవద్దు.